లాగిన్ తెర మీద రెండు పేర్లు

పుంగనూరులో ఒక పాల కేంద్రం. అక్కడి లినక్స్ కంప్యూటర్‌ను నడపడం పదకొండేళ్లుగా రత్నమ్మకు ఒక్కదానికే తెలుసు. నల్లటి తెర మీద కమాండ్లు టైపు చేస్తేనే పని మొదలవుతుంది.

కొత్తగా చేరిన రూప ఆ తెరను చూసి బెదిరిపోయింది.

"పేరూ ఫొటో కనపడేట్టు పెట్టక్కా, నొక్కితే తెరుసుకోవాల. నువ్వు లీవు పెట్టిన దినం నేను తిట్లు తినలేను" అంది.

రత్నమ్మకు జాలేసింది. రెండు రోజులు అన్నం కూడా కంప్యూటర్ ముందే తిని, కొత్త లాగిన్ తెర అమర్చింది. మూడో రోజు ఉదయం ఇద్దరి పేర్లూ, ఫొటోలూ తెర మీదికి వచ్చాయి. రూప తన ఫొటో నొక్కి పాస్‌వర్డ్ కొట్టింది. కంప్యూటర్ తెరుచుకుంది.

"ఇంక నేను లేకపోయినా నీకు భయం లేదు పాపా" అంది రత్నమ్మ సంబరంగా.

"మేనేజరు సారు కూడా అదే అడిగినాడక్కా, నువ్వు లేకున్నా నడుస్తాదా అని. నడుస్తాదని సెప్పినా. ఒకటో తేదీ నుంచి ఇద్దరు అక్కర్లేదన్నాడు."

రూప మౌస్‌ను రత్నమ్మ ఫొటో మీదికి జరిపింది.

"నీ పేరు యెట్ల తీసేదో అదీ సూపించక్కా. నాకు రాదు."

రత్నమ్మ చూపించింది.