పచ్చరంగు బెంచీ, మూగనోము

యార్క్‌షైర్ కొండల్లో, రైలు అభిమానులు ముచ్చటపడి కాపాడుకుంటున్న పాత స్టేషన్లో ఆవిరి బండి ఆగింది. డ్రైవర్ క్లిఫర్డ్ టోకెన్ కోసం చెయ్యి చాపాడు. అది అందనిదే ముందున్న ఒంటి పట్టా మీదికి బండి కదలకూడదు.

సిగ్నల్ చూసే మారియన్ టోకెన్ వెనక్కి దాచుకుంది. ఆవిడ అతని భార్యే.

"ఈ స్టేషన్ బెంచీకి నేను వేసిన ఆకుపచ్చ రంగు పాతకాలపుది కాదని అలిగి సోమవారం నుంచి మూగనోము పట్టావుగా! నోరు తెరిచి అడిగితేనే ఇస్తాను."

క్లిఫర్డ్ గట్టిగా కూత వేయించాడు.

"కూత కాదు, మాట!"

పెట్టెల్లో చప్పట్లు మోగాయి. "ఈ నాటకం ప్రతి ఆదివారం ఉంటుందా అండీ?" అని ఒకావిడ కిటికీలోంచి అడిగింది.

"ఇక్కడ ఇవాళేనండీ. మా ఇంట్లో రోజూ!" అంది మారియన్.

క్లిఫర్డ్ ఫక్కున నవ్వేశాడు. అంతలోనే తమాయించుకున్నాడు.

"నవ్వానంతే! నేనింకా నీతో మాట్లాడటం లేదు!"

మారియన్ టోకెన్ అతని చేతిలో పెట్టింది.