రెండు సీట్ల తొట్టె

స్నానాలగదిలో సన్యాసిరావు రెండోసారి జారిపడ్డాక, భార్య గవరమ్మ ఆయన్ని తలుపున్న స్నానపు తొట్టెలమ్మే షాపుకి తీసుకెళ్లింది. గట్టు దాటే పని లేదు, తలుపు తీసుకుని లోపలికి నడిచి కూర్చోవడమే. షాపులోనే, ఎలా ఉందో చూద్దామని రెండు సీట్లదాంట్లో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. గోరువెచ్చని నీళ్లు నడుము దాకా వచ్చాయి. ఆ కాలపు తొట్టెలన్నిటిలాగే అదీ కూర్చున్నవాళ్ల ఆయుష్షు కొలిచి షాపువాళ్లకు తెర మీద చూపించింది.

తెర చూసిన సేల్స్ అమ్మాయి పక్కనున్న చిన్న తొట్టె చూపించింది.

"మీకు ఒక్క సీటుది సరిపోద్దమ్మా."

"అదేటమ్మా? ఇద్దరం ఉన్నాం కదేటి?" అంది గవరమ్మ.

అమ్మాయి తలదించుకుని తువ్వాళ్లు అందించింది.

గవరమ్మ మళ్లీ నోరు తెరవబోతే, సన్యాసిరావు నీళ్లలోనే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ సీటు ఎవరికని అడక్కే," అన్నాడు.

నీళ్లు పోయి తలుపు తెరుచుకుంది. ఇద్దరిలో ఎవరూ ముందు లేవలేదు.