ఆఖరి పేరు

1961. మారిషస్ దీవిలో, చెరకు తోటల నడుమ రాత్రిబడి. కూలీలకు తెలుగు నేర్పడానికి పెనుకొండ నుంచి వచ్చిన చౌడప్ప మాస్టారు లాంతరు వెలుగులో హాజరు పిలుస్తున్నాడు. చివరి పేరు అయ్యాక, పాత అలవాటుకొద్దీ నోరు జారి ఇంకో పేరు పిలిచాడు.

"హొన్నూరప్పా!"

పెనుకొండ రాత్రిబడిలో ఆఖరి పేరది. ఏనాడూ వేళకు రాని మనిషి. పోయినేడు రాళ్ల క్వారీలో మందు పేలి చచ్చిపోయాడు.

మాస్టారు నాలుక కరుచుకున్నాడు. బయట చెరకాకుల చప్పుడు ఆగిపోయింది.

"ఉండా, అయివారూ."

వెనక బెంచీ మీది కూలీలిద్దరూ పక్కకు జరిగి చోటిచ్చారు.

మాస్టారు లాంతరు వత్తి పెంచబోయాడు.

ఆ గొంతే మళ్లీ అంది: "దీపం పెంచద్దు అయివారూ. మొగం సరిగా లేదు."