తోక మీద రెండు గాట్లు

"రెండు రైళ్ళు, ఒక బస్సు ఎక్కించి లాక్కొచ్చావు కదా బావా! తీరా నువ్వు పెట్టేది ఫ్రీజర్ చేపే అయితే?" అన్నాడు చెంగ్, టీ కప్పు ఠక్కున కింద పెడుతూ.

శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో, ఆదివారం మధ్యాహ్నం, కిటకిటలాడే హోటల్లో కూర్చుని అనాల్సిన మాట కాదది. లౌ ముసలాయన చాప్‌స్టిక్స్ పక్కన పడేశాడు.

"ఫ్రీజర్ చేపా? నాకా? ఒరే బామ్మర్దీ, చేప ముక్క నాలిక మీద పెట్టుకుంటే అది మంగళవారం చచ్చిందో బుధవారం చచ్చిందో చెప్తాను. పోయేముందు ఎవరిని తిట్టుకుందో కూడా చెప్తాను."

"చెప్తావులే. గుమ్మం దగ్గర తొట్టి చూశాను, పట్టుమని మూడు చేపలు లేవు. ఇక్కడేమో నలభై బల్లలు. మా ఇంటి పక్క సూపర్ మార్కెట్లో ఇవే చేపలు, ఇవే కూరలు. కారు దిగితే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. అక్క మోకాళ్ళు చూశావా, బన్నుల్లా ఎలా పొంగాయో!"

లౌ భార్య మ్యూయ్ బల్ల కింద ఏడు గులాబీరంగు సంచులకి కాపలా కాస్తోంది. స్టాక్టన్ వీధిలో ముసలమ్మలతో మోచేతుల యుద్ధం చేసి గెలుచుకున్న ముల్లంగులు, ఆకుకూరలు అవి. వచ్చిన బస్సులో అయితే క్యాబేజీలు కూర్చున్నాయి, మనుషులు నిలబడ్డారు.

"పందెం!" అన్నాడు లౌ. "తొట్టిలో చేపే మన పళ్ళెంలోకి వస్తే ఇక నువ్వు నోరెత్తకూడదు. ప్రతి ఆదివారం ఇక్కడికే."

"రాకపోతే?"

లౌ కప్పులో మళ్ళీ టీ పోసుకున్నాడు. మిగతా ఆరు రోజులూ అతను ఊపిరి తీసుకునేదే ఈ ఏడో రోజు కోసం.

"రాకపోతే... వచ్చే వారం నుంచి ఆ తలుపు తెరుచుకునే కొట్టుకే."

"మాట మీద నిలబడాలి మరి," అంది మ్యూయ్. పొద్దుట్నుంచి ఆవిడ నోరు తెరవడం అదే మొదలు.

అంతలో వాళ్ళకి వండబోయే చేపని ముందుగా చూపించడానికి సర్వర్ ఫై బకెట్ పట్టుకుని వచ్చాడు. లోపల చేప దబదబా కొట్టుకుంటోంది.

"చూసుకోండి పెద్దాయనా. ఇంకా పుట్టిల్లు తలుచుకుని ఏడుస్తూనే ఉంది."

చేప ఒక్క తోక విసురు విసిరింది. చెంగ్ కుడి చొక్కా చెయ్యి తడిసి ముద్దయింది.

"చూశావా, పౌరుషం!" అన్నాడు లౌ. ఫై బకెట్ ఎత్తబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఆగరా. చూపించేదొకటి, వండేదొకటి. నలభై ఏళ్ళుగా ఈ వీధిలో తింటున్నా, నాకు తెలీదా మీ సంగతి?"

జేబులోంచి నెయిల్ కట్టర్ తీశాడు. చేప తోక అంచున టిక్కు టిక్కుమని రెండు గాట్లు పెట్టాడు. అది చాలక పెళ్ళాం దగ్గర పిన్నీసు అడిగి, మధ్యలో ఓ చిల్లు కూడా పొడిచాడు.

"ఇప్పుడు మార్చండి చూద్దాం!"

ఫై ఆ తోక వంక కాసేపు శ్రద్ధగా చూశాడు. తర్వాత బంగారు పన్ను మెరిసేలా నవ్వాడు. "మీ కళ్ళు కప్పడం మా తాతల వల్ల కూడా కాదు," అని బకెట్‌తో వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

పావుగంటకి చేప వచ్చింది. ఆవిరి పొగలు కక్కుతూ, అల్లం తురుము, ఉల్లికాడలు కప్పుకుని, తల లౌ వైపు తిప్పి పడుకుంది. లౌ ఉల్లికాడలు పక్కకి తోశాడు.

తోక మీద రెండు గాట్లు. మధ్యలో చిల్లు.

చెంగ్ కళ్ళజోడు పెట్టుకుని చూశాడు, తీసేసి చూశాడు. "ఓడిపోయాను బావా."

లౌ చేప బుగ్గ ముక్క తీసి బామ్మర్ది గిన్నెలో వేశాడు. "తిను. బతికున్న చేపంటే ఇదీ. ఈ తీపి ఫ్రీజర్‌కి ఎక్కడ్నించి వస్తుందిరా? నోట్లో ఈదట్లేదూ?"

"ఈదుతోంది బావా, ఈదుతోంది."

మ్యూయ్ నిట్టూర్చి మోకాళ్ళు రుద్దుకుంది.

గెలిచినవాడు గమ్మున తింటే ఏ గొడవా లేదు. లౌ లేచి నిలబడి, నెయిల్ కట్టర్ ఊపుతూ, ఆ పక్కా ఈ పక్కా బల్లలకి తన తెలివి వినిపించాడు. పక్క బల్ల దగ్గర ఉంగరాల జుట్టు ముసలావిడ కుర్చీ ఇటు తిప్పుకుంది.

"ఎంత మంచి ఉపాయం అన్నా! ఇన్నేళ్ళూ నాకు తట్టనేలేదు. ఒరే ఫై, మా చేప కూడా వండకముందు బకెట్లో పట్రా!"

"పెద్దమ్మా... వంటింట్లో రద్దీగా ఉంది..." ఈసారి ఫై బంగారు పన్ను కనపడలేదు.

"తెస్తావా, నన్నే లోపలికి రమ్మంటావా?"

"తేరా!" అని లౌ కూడా గద్దించాడు. "దాచడానికేముంది? ఈ హోటల్ నిజాయితీకి నేను పూచీ. ఇదిగో చెల్లెమ్మా, కట్టర్ నాదే తీసుకో."

ఫై కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి, కాళ్ళీడ్చుకుంటూ బకెట్ తెచ్చాడు. లౌ వాళ్ళ బల్ల దాటుతుండగానే చేప మళ్ళీ తోక విసిరింది. చెంగ్ కుడి చొక్కా చెయ్యే మళ్ళీ తడిసింది.

ముసలావిడ కట్టర్ తెరిచి, బకెట్లోకి వంగి, అలాగే ఆగిపోయింది.

"నేనెక్కడ కత్తిరించేది అన్నా? ఎవడో ముందే ఈ తోకకి రెండు గాట్లు పెట్టి, మధ్యలో చిల్లు కూడా పొడిచిపోయాడు!"