అత్తగారి ఐలాండ్

"దీన్ని పగలగొట్టించు అమ్మాయ్," అంది అత్తగారు, వంటింటి గట్టు మీద అరచేత్తో చరుస్తూ.

డిజైనర్ చేతిలోని టేపు చుట్టేసింది. వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. ఆ గట్టు ఒక గోడ దగ్గర మొదలై, ఎదుటి గోడకి కాస్త ఇవతల ఆగుతుంది. పొయ్యి దగ్గరికి వెళ్ళాలన్నా, బయటికి రావాలన్నా చివర ఉన్న సందొక్కటే. ఇలా ఒక పక్క గోడకి అతుక్కుని ఉండేదాన్ని డిజైనర్లు పెనిన్సులా అంటారు. అత్తగారికి కావలసింది ఐలాండ్. అంటే ఏ గోడతోనూ సంబంధం లేకుండా నట్టనడుమ నిలబడే గట్టు.

"ఆంటీ, ఇది ఇంకా దిట్టంగా ఉంది. పైన రాయి మార్చి, కింద అరలు పెడితే కొత్తదైపోతుంది. ఐలాండ్ అంటే రెండు వైపులా దారి వదలాలి. ఇక్కడ అంత చోటు లేదు."

"చోటు సంగతి తర్వాత. ముందు ఇది పోవాలి."

"ఉన్నది బాగానే ఉంది కదా అత్తయ్యా," అంది కోడలు. పెళ్ళయి ఆ ఇంటికొచ్చి ఇంకా ఏడాది నిండలేదు. "మూలగా ఉంటే అన్నీ చేతికందుతాయి."

"నీకేం తెలుసు? నువ్వూరుకో."

కోడలు ఊరుకుని, కాఫీ పెట్టడానికి గట్టు అవతల పొయ్యి దగ్గరికి వెళ్ళింది. డిజైనర్‌కి ఒళ్ళు మండింది. వండేది ఆ పిల్ల, పెత్తనం ఈవిడది. ఇలాంటి అత్తగార్లు ఆమెకి కొత్త కాదు. ఎవరింట్లోనో చూసొచ్చి, అచ్చం అలాంటిదే కావాలని ప్రాణాలు తోడేస్తారు.

"పక్కింటివాళ్ళు గానీ పెట్టించారా ఆంటీ?" అని అడగనే అడిగింది.

"వాళ్ళింట్లో ఏముంటే నాకెందుకు!"

ఇంతలో కొడుకు ఆఫీసుకి తయారై వచ్చాడు. నవ్వు మొహం, మెత్తటి మాట. వస్తూనే గట్టు చివర సందులో నిలబడి, గోడకి చెయ్యి ఆనించాడు.

"మా అమ్మ మిమ్మల్ని నంజుకు తింటున్నట్టుందే! నాన్న దగ్గరుండి కట్టించిన గట్టండీ ఇది. ఆయన గుర్తుగానైనా ఉంచమంటే వినదు. నాదేముంది, మా ఆవిడ ఎలా అంటే అలాగే."

ఎంత మంచి మొగుడు అనుకుంది డిజైనర్. కోడలు కాఫీ కప్పులతో వచ్చి అతని ముందు ఆగింది. అతను కబుర్లలో పడి కదల్లేదు. ఆ అమ్మాయి జరగమని అడగనూ లేదు.

"జరగరా," అని కసిరింది అత్తగారు.

అతను నవ్వి పక్కకి తప్పుకున్నాడు. కాఫీ తాగి, అందరికీ చెప్పి వెళ్ళిపోయాడు.

డిజైనర్ తన దగ్గరున్న ఆఖరి మాట బయటికి తీసింది. "ఐలాండే కావాలంటే వెనక గోడ జరపాలి. దానికవతల ఉన్నది మీ గది. జరిపితే అందులో మంచం కూడా పట్టదు."

"జరిపించు."

"మరి మీరెక్కడ పడుకుంటారు?"

"హాల్లో. అక్కణ్ణుంచి వంటిల్లు తిన్నగా కనిపిస్తుంది."

పెత్తనం చాలక కాపలా కూడానా అనుకుంది డిజైనర్.

"వద్దత్తయ్యా! మీ మోకాళ్ళ నొప్పులతో హాల్లో ఎలా పడుకుంటారు?" అని కంగారుపడింది కోడలు.

"నువ్వెళ్ళి ఆ బట్టలు ఆరేసిరా."

కోడలు బాల్కనీలోకి వెళ్ళింది. డిజైనర్‌కి కోపం పోయి కుతూహలం పట్టుకుంది. గొప్ప కోసం డబ్బు తగలేసుకునేవాళ్ళని చూసింది గానీ, పడుకునే గది వదులుకునేవాళ్ళని చూడలేదు. ఇక ఉండబట్టలేకపోయింది.

"ఏమీ అనుకోకండి ఆంటీ. వంట మీరు చెయ్యరు. కోడలు అడగలేదు. మీ అబ్బాయికి పట్టింపు లేదు. మరి ఎవరి కోసం ఇదంతా?"

అత్తగారు సందులోంచి లోపలికి నడిచి, పొయ్యి పక్కన మూలలో గోడకి వీపు ఆనించి నిలబడింది. డిజైనర్ ఆవిడ వెనకే వచ్చి సందులో ఆగింది.

"పాతికేళ్ళు ఇక్కడే వండాను. మా ఆయనకి కోపమొస్తే, నువ్వున్నావే, సరిగ్గా అక్కడికొచ్చి నిలబడేవాడు. ఇక దెబ్బలు తినడమే గానీ, బయటపడే దారుండేది కాదు."

డిజైనర్ గబుక్కున ఆ సందులోంచి పక్కకి జరిగింది. ఇంతసేపూ ఆవిడ గురించి అనుకున్న మాటలకి సిగ్గేసింది. "ఇప్పుడాయన లేరు కదా ఆంటీ," అంది.

బాల్కనీలో తడిబట్ట దులుపుతున్న చప్పుడు వినిపించింది. అత్తగారు అటువైపోసారి చూసి, గొంతు తగ్గించింది.

"మావాడికి అన్నీ వాళ్ళ నాన్న పోలికలేనమ్మా."