స్పేరు

డిపోలో ఆమెను స్పేరు అంటారు. ఎవరైనా డ్రైవరు డ్యూటీకి రాకపోతే ఆ బస్సు ఆమెది. అందరూ వస్తే సాయంత్రం దాకా బెంచీయే గతి.

ఆమె చేరిన దగ్గర్నుంచీ అందరూ వస్తూనే ఉన్నారు. అంతకుముందు పక్కింటి పిల్లి తుమ్మినా సెలవు పెట్టిన ఘనులు! డిపోకు తొలి మహిళా డ్రైవరని ఆఫీసువాళ్లు పూలగుత్తి చేతిలో పెట్టి, ఫొటో తీసి గోడకు తగిలించి చేతులు దులుపుకున్నారు. ఆ ఫొటో కిందే ఆమె బెంచీ.

మొదటి ఏడాదిలో ఒక్క ట్రిప్పయినా వేయకపోతే టికెట్ల కౌంటరుకు మార్చేస్తారు. ఇక స్టీరింగు మాట మరిచిపోవడమే. ఆ ఏడాది ఈ రోజుతో సరి.

అయినా ఈ రోజు ఆమెకు ఆశ ఉంది. ఆరో నంబరు డ్రైవరుకు నిన్నటి నుంచి ఒకటే జ్వరం. ఎంత మొండివాడైనా లేవలేడని ఆమె నమ్మకం. మిగతా బస్సులన్నీ వెళ్లిపోయాయి. ఆరో నంబరు ఒక్కటే మిగిలింది. ఆమె వెళ్లి అద్దం తుడిచింది. సీటు తన ఎత్తుకు తగ్గట్టు ముందుకు జరుపుకుంది. డ్యూటీలు వేసే కంట్రోలరు తాళంచెవి ఆమె చేతికి ఇవ్వబోయాడు.

అప్పుడొచ్చాడు ఆయన. గోడ పట్టుకుని, ఎర్రదారంతో చిరుగు కుట్టిన మఫ్లరు మెడకు చుట్టుకుని, వణుకుతూ వచ్చి తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. క్యాంటీను ముందు మెకానిక్కులు ఈలలు వేశారు.

“ఒళ్లు కాలిపోతోందన్నా ఆయనకి. బస్సెలా ఇస్తారు?” అంది ఆమె.

“నడుపుతానంటుంటే నేనేం చేసేదమ్మా? నువ్వే చెప్పి చూడు,” అన్నాడు కంట్రోలరు తల దించుకుని.

ఆమె చెప్పింది. ఇవాళ ఒక్కరోజు వదిలేయమంది. నలుగురి ముందూ బతిమాలింది.

“నీకు బస్సు వదిలేసి, రేపట్నుంచి వీళ్ల మధ్య తలెత్తుకుని ఎలా తిరగను?” అన్నాడు ఆయన. సీటు మళ్లీ వెనక్కి జరిపి బస్సు తీశాడు.

ఆమెకు ఏడుపొచ్చింది. గేటు దాకా వెళ్లి, బస్సు మలుపు తిరిగేవరకూ చూసి వచ్చింది.

మధ్యాహ్నం ఆఫీసులో డ్రైవరు బ్యాడ్జీ వెనక్కి తీసుకుని కౌంటరు తాళంచెవి ఇచ్చారు. గోడమీది ఫొటో మాత్రం అలాగే ఉంచుతారట.

సాయంత్రం ఇంటికెళ్లి, మంచం మీద మూలుగుతున్న మొగుడి మెళ్లోంచి, ఎర్రదారంతో తను కుట్టిన ఆ మఫ్లరు విప్పి, నుదుటి మీద తడిగుడ్డ వేసింది.