మెరక తీసిన చేను

టిప్పర్లకు అడ్డంగా ఒక పాత మోపెడ్ వచ్చి ఆగింది.

సుబ్బరత్నానికి ఒళ్లు మండింది. చల్లపల్లి పక్కన ఆమెకున్నది ఒకే ఎకరం. అదీ మెరక, కాలవ నీళ్లు ఎక్కి చావవు. పైన ఒక్క అడుగు మట్టి తీస్తే నీళ్లు వాటంతటవే పారతాయని, పైసా అడగనని చెప్పి కాంట్రాక్టరు చక్రి పొక్లెయిన్ దింపాడు. ఆ మట్టి విజయవాడ దగ్గర ప్లాట్లు మెరక చెయ్యడానికి పోతుంది. అక్కా అక్కా అంటూ ఆమె ఇంట్లో అన్నం కూడా తిన్నాడు.

మోపెడ్ మనిషి దిగి గుప్పెడు మట్టి తీశాడు.

"అమ్మా, పంట పండేది పైనున్న ఈ అడుగు మట్టిలోనేనండి. కిందున్నదంతా చౌడు. ఆపించండి."

"ఎవరు చక్రీ ఈయన?"

చక్రి ఫోన్లోంచి తలెత్తలేదు. "ఎవడో బ్రోకరక్కా. వేరే కాంట్రాక్టరు పంపుంటాడు."

ఆ మనిషి చక్రి వంక చూశాడు. ఏదో అనబోయి మానేశాడు.

"పరాయి చేను మీద నీకెందుకయ్యా ఏడుపు?" అంది సుబ్బరత్నం. అంతటితో ఊరుకుందా, పనివాళ్ల చేత మోపెడ్‌ని రోడ్డు మీదకు నెట్టించింది.

నీళ్లు ఎక్కాయి. ఆ మాట వరకు చక్రి నిజమే చెప్పాడు. పైరే లేవలేదు. యూరియా చల్లితే నాలుగు రోజులు పచ్చబడి మళ్లీ పాలిపోయింది. వెన్ను తీసింది గాని గింజ పాలు పోసుకోలేదు. ముప్పై బస్తాల చేను పదకొండు ఇచ్చింది, అందులో సగం తాలు. మిల్లులో ఆడిస్తే అన్నీ నూకలే. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి అదే. ఆ నూకల జావ తాగిన గంటకే పిల్లలు మళ్లీ ఆకలన్నారు.

వ్యవసాయాధికారి మట్టి పరీక్ష చేయించి, సారమంతా టిప్పర్లలో పోయిందనీ, పశువుల ఎరువు వేసుకుంటూ, పచ్చిరొట్టకి జీలుగ చల్లి దున్నుకుంటూ పదేళ్లు ఆగాలనీ చెప్పింది.

చక్రి ఫోను ఎత్తలేదు. అక్కా అన్న నోటితోనే ముంచాడని సుబ్బరత్నం ఏడ్చింది. ఆఖరికి ఊరు కనుక్కుని వాళ్లింటికే వెళ్లింది.

అరుగు మీద ఆ మోపెడ్ మనిషి కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచి కుర్చీ వేశాడు.

సుబ్బరత్నం సిగ్గుతో చచ్చిపోయింది.

"ఆ రోజు మీ మాట వినలేదు బాబూ. మీరూ చక్రి కోసమేనా వచ్చారు? మిమ్మల్నీ ముంచాడా?"



చక్రి తల్లి లోపలినుంచి వచ్చి చెప్పింది.

"వీడు మా పెద్దాడమ్మా. చక్రి మొట్టమొదట తవ్వింది ఈ అన్న చేనే."